ఎడమ మర

కొంగు దోపుకున్నానా లేదా అని ఇది మూడోసారి చూసుకోవడం, దోపుకున్నాను, ఖాకీ కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాను, పై గుండీ ఊడిపోతే పిన్నీసు గుచ్చాను, చేతులు చూసుకోనక్కర్లేదు, వాటికి ఎలాగూ ఏమీ లేవు, ఆరు నెలల కిందట ఈ మిషను పని నేర్పే సెంటరులో మొదటిరోజున నతానియేలు మాస్టారు మా పన్నెండుమందినీ వరసగా నిలబెట్టి, గాజులు తీసెయ్యండమ్మా, లేతు తిరిగేటప్పుడు గాజు తగిలిందంటే చెయ్యి కూడా లాగేసుద్ది, అంటే పదకొండుమందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, శుక్రవారం పూట గాజులు తియ్యమంటాడేంటే ఈయన, అని గొణుక్కున్నారు, నేను మాత్రం రెండు చేతులూ చాపి, నావి ఎనిమిదేళ్ళ కిందటే తీసేసేరండి, అన్నాను, ఆయన తల దించుకుని మిషను వైపు తిరిగిపోయారు, పక్కనున్న మరియమ్మ మోచేత్తో పొడిచి, ఓసి సత్తెమ్మా, ఈ పనికి అన్నీ సిద్ధం చేసుకొచ్చింది నువ్వొక్కదానివేనే, అంది, అందరం నవ్వాం, నేనే ఎక్కువ నవ్వాను, అమలాపురంలో బస్సెక్కి కొత్తపేటలో దిగేదాకా ఆ నవ్వు పంటికింద ఇసకలా ఉండిపోయింది, ఇవాళ ఎవరూ నవ్వడం లేదు, ఇవాళ పరీక్ష, రాజమండ్రి నుంచి వచ్చిన పరీక్ష ఆఫీసరు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని కొబ్బరిబొండం తాగుతున్నారు, ఒక్కొక్కళ్ళం వెళ్ళి ఆయన ముందున్న డబ్బాలోంచి చీటీ తియ్యాలి, చీటీలో ఏం వస్తే అది మిషను మీద చేసి చూపించాలి, పాసైతే ఒక కాయితం ఇస్తారు, దాని మీద నా పేరు అచ్చులో ఉంటుంది, మిగతావాళ్ళకి ఆ కాయితం మోటారు పంపుల షాపులో పనికోసం, నాకూ పని కావాలి, కాని పని తరవాత, ముందు నేను రావులపాలెం వెళ్ళాలి, అరటిగెలల లారీలు ఆగే చోటు దాటాక వీరవెంకటరమణ గారి లేతు షెడ్డు ఉంది, మా ఆయన తాతబ్బాయి అందులో పద్నాలుగేళ్ళు పనిచేసి, ఒక బుధవారం పొద్దున్న పదింటికి, తిరుగుతున్న సాన రాయి ఊడొచ్చి గుండెల మీద కొడితే అక్కడే పోయాడు, చూసుకోలేదు సత్తెమ్మా, నీ మొగుడు చూసుకోలేదు, అని ఆ వేళ రమణగారు పదిమందిలో అన్నారు, ఆ మాట ఆయన పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి, మిషను సంగతి నీకేం తెలుసే అని నన్నిక అనడానికి లేకుండా ఆ కాయితం ఆయన బల్ల మీద పెట్టి అడగాలి, నాకు కావలసింది అంతే.

చూసుకోలేదు, ఒక్క మాట, మనిషిని కాటికి మోసుకెళ్ళకముందే ఆ మాట ఊళ్ళోకి వచ్చేసింది, తాతబ్బాయి ఒళ్ళు మరిచి పనిచేసేడంట, రాయి ముందు కునికేడంట, అని రేవు దగ్గర నేను వింటూండగానే అనుకున్నారు, పొద్దున్న పదింటికి ఎవడు కునుకుతాడు, కల్లు వాసన పడనివాణ్ణి పట్టుకుని తాగేడేమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు, ఆయన చూసుకోకపోవడమేంటి, చూడ్డమే ఆయన చదువు, ముందు ఆ షెడ్డులో తుడవడానికి చేరాడు, అంతకుముందు కాయలు ఒలిచేవాడు, రోజుకి వెయ్యి కాయలు గునపం మీద ఒలిచే చేతులు, అవి చీపురు పట్టుకుని ఇనప తురుము ఊడ్చాయి, ఊడుస్తూ ఊడుస్తూ లేతు మీదున్నవాడి చేతులు చూశాడు, ఏ పిడి ఎప్పుడు తిప్పుతున్నాడో చూశాడు, రెండేళ్ళయ్యాక ఆ మనిషి దుబాయి వెళ్ళిపోతే, ఏరా తాతబ్బాయీ నువ్వు తిప్పగలవా అని రమణగారు అడిగారు, ఈయన ఆయ్ అన్నాడు, ఆ రాత్రికి రాత్రి మేస్త్రీ అయిపోయాడు, పద్నాలుగేళ్ళలో ఆయనకి ఇది ఫలానా, దీని పేరు ఇది, ఇలా ఎందుకు చేస్తాం అని ఒక్కరు కూర్చోబెట్టి చెప్పింది లేదు, రమణగారు ఏం చెప్పినా ఆయ్, వచ్చా అంటే ఆయ్, రేపటికవుద్దా అంటే ఆయ్, మా వైపు ఆ మాట నోట్లోనే పుడుతుంది, అవతలి మనిషి మాట పూర్తికాకముందే వచ్చేస్తుంది, అర్థమైందని కాదు, మీరు పెద్దవారు, విన్నాను, అని, అంతే దానికి అర్థం.

మరియమ్మ చీటీ తీసింది, ఆమెకి మెట్టు తగ్గించడం వచ్చింది, కడ్డీలో ఒక కొసని సన్నగా చెక్కడం, సుఖమైన పని, యేసయ్యా అని పైకి చూసి నావైపు కన్ను గీటింది, ఆమె మిషను తిరగడం మొదలైంది, ఆ చప్పుడు, గిర్రుమని మొదలై ఒక స్థాయికి వచ్చి నిలబడే చప్పుడు, అది నాకు ఎప్పుడూ రాట్నం చప్పుడులాగే ఉంటుంది, కొబ్బరిపీచు రాట్నం, పదకొండో ఏట నుంచి నేను దాని ముందే ఉన్నాను, ఒడిలో పీచు పెట్టుకుని, కొంకికి ఒక కొస తగిలించి, అవతల ఒక మనిషి రాట్నం తిప్పుతూంటే నేను పీచు వదులుతూ వెనక్కి వెనక్కి నడవడం, నా జీవితంలో సగం నేను వెనక్కే నడిచాను, ఎటు వెళ్తున్నానో ఎప్పుడూ చూళ్ళేదు, పాక చివర గోడ వీపుకి తగిలితే ఆగడం, మళ్ళీ ముందుకొచ్చి మొదలెట్టడం, చేతులు పగిలేవి, కాని నా తాడు కొత్తపేట సంతలో వేరే కట్టి అమ్మేవారు, సత్తెమ్మ పురి అనేవారు, పురి అంటే నాది, పురి సడలదు, ఏ తాడైనా కళ్ళు మూసుకుని వేలు రాసి ఇది కుడి పురి, ఇది ఎడమ పురి అని చెప్పేదాన్ని, తొంభై ఆరు తుఫానుకి చెట్లు పడిపోయాక కాయ లేదు, పీచు లేదు, పాకలు మూతపడ్డాయి, ఖాళీగా ఉన్న ఆ పాకలోనే పలక పట్టించారు మాకు, నలభై ఏళ్ళ వయసులో అ ఆ ఇ ఈ, పలక మీద బలపం పట్టుకుంటే చెయ్యి పీచు నలిపినట్టు నలిపేది, బలపం విరిగిపోయేది, పాఠం చెప్పే పిల్ల, దొడ్డమ్మగారూ మెల్లిగానండీ అది తాడు కాదండీ అనేది, నేర్చుకున్నాను, బస్సు మీద పేరు చదవడం వచ్చింది, ఆయన పోయినప్పుడు పోలీసులు రాసిన కాయితం ఇనప్పెట్టెలోంచి తీసి కూడబలుక్కుని చదివాను, పనివాని అజాగ్రత్త వలన, అని ఉంది, వత్తు దగ్గర నాలుగుసార్లు ఆగాను, అజా, అజాగ్ర, అజాగ్రత్త, రమణగారి నోటిమాట ఠాణా సిరాలోకి కూడా వెళ్ళిందన్నమాట, చదువు వచ్చి నేను తెలుసుకున్న మొదటి సంగతి అదీ.

ఆ తరవాత, ఆడవాళ్ళకి ఆరు నెలలు మిషను పని నేర్పుతారంట, ఎనిమిదో తరగతి లేకపోయినా పరవాలేదంట, చదవడం రాయడం వస్తే చాలంట, అనగానే, మిగతావాళ్ళు కుట్టుమిషను అనుకుని పేరు రాయించుకున్నారు, నిజంగా, పన్నెండుమందిలో పదకొండుమంది కుట్టుమిషనే అనుకున్నారు, వచ్చి చూస్తే ఇంత పొడుగు ఇనప గుర్రాలు, అయ్యబాబోయ్ దీంతో జాకెట్లు ఎలా కుడతారే అని మరియమ్మ, నేనొక్కదాన్నే తెలిసి వచ్చాను, సాన రాయి ఎందుకు ఊడుతుందో చెప్పే చోటు ఇది ఒక్కటే కాబట్టి వచ్చాను, మూడో నెలలో చెప్పారు, మా సెంటరులో సాన పట్టే మిషను కాలిపోయి మూలన పడి ఉంటుంది, అందుకని మాస్టారు నల్లబల్ల మీద బొమ్మ గీసి, ఇదిగో ఇరుసు, దాని కొసకి రాయి, రాయిని పట్టుకునుండేది ఈ నట్టు, ఎడం పక్కనున్న రాయికి ఎప్పుడూ ఎడమ మరే ఉండాలమ్మా, కుడి మర గాని పెట్టేరో, రాయి తిరిగేకొద్దీ నట్టు ఊడిపోతా ఉంటాది, ఒకరోజు రాయి మనిషి మీదికి వచ్చేసుద్ది, అన్నారు, మర అంటే ఇనుము మీద కోసే మెలిక, మరమేకు మీద ఉంటుందే అది, మర అంటే ఇనుముకి పెట్టే పురేనమ్మా అని ఆయనే మొదట్లో నాకోసం చెప్పారు, ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు భయం పోయింది, ఎడమ పురి కుడి పురి నాకు తెలియనివా, ఆ రోజు నల్లబల్ల ముందు నా ఒళ్ళంతా వేడెక్కిపోయింది, అదీ సంగతి, ఎడమ ఉండాల్సిన చోట కుడి పెట్టారు, ఎవరు పెడతారు, షెడ్డు ఎవరిది, యజమాని ఎవరు, ఆ ఆదివారమే రావులపాలెం వెళ్ళాను, రమణగారు అరుగు మీద పేపరు చూసుకుంటున్నారు, జుట్టు పూర్తిగా నెరిసింది, రా సత్తెమ్మా, ఏంటిలా వచ్చేవు అన్నారు, ఆ సాన రాయి ఇరుసుకి ఏ మర ఉందండీ అని అడిగాను, పేపరు దించారు, ఇప్పుడెందుకే అయ్యన్నీ, ఎడమ మర లేదు గదండీ దానికి, నీకెవరు చెప్పేరు, నేనే నేర్చుకుంటున్నానండి, కుడి మర ఎవరు పెట్టేరండీ, ఆయన నా వైపు తిరిగారు, పాత ఇరుసు అరిగిపోయింది, మర కూడా నున్నగా అయిపోయింది, కొత్త ఇరుసు, కొత్త నట్టు నీ మొగుడే కోసేడు, నేను చెప్పేను, ఒరే తాతబ్బాయీ దీనికి ఎడమ మర పెట్టాలిరా అని నా నోటితో నేను చెప్పేను, ఆయ్ అన్నాడు, ఆయ్ అని అది కోసేడు, తెస్తే నేను రాయి ఎక్కించి నట్టు బిగించేను, అన్నారు, నేను, అబద్ధం ఆడకండి, పీచు పాక మనిషి మొగుడికి ఎడమేదో కుడేదో తెలియదా, అని రోడ్డు మీదికి వినపడేలా అరిచాను, పక్క టీకొట్టు వాళ్ళు లేచి నిలబడ్డారు, మరి మీరు చూసేరు గదండీ, ముప్ఫయ్యేళ్ళ నించి లేతు పెట్టుకుని ఉన్నారు, చూస్తే తెలీదా అండీ మీకు, అంటే ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోతూ, మిషను సంగతి నీకేం తెలుసే, ముందు నేర్చుకునిరా ఫో, అన్నారు, నేర్చుకునే వస్తాను, ఆ కాయితం తీసుకునే వస్తాను, అనుకుంటూ బస్టాండుకి నడిచాను, తెలియనివాడు మా ఆయనా, ఆయనకి తెలియకపోతే నాకు తెలుసు గదా.

సత్తెమ్మగారూ, అని పిలిచారు, ఆయ్ అంటూ వెళ్ళాను, చీటీ తీశాను, ఇంగ్లీషులో ఉంది, నాకు ఇంగ్లీషులో అంకెలే వచ్చు, ఒక కడ్డీ బొమ్మ, దాని కొస మీద గీతలు, పక్కన రెండు పెద్ద అక్షరాలు, ఆఫీసరు చీటీ తిప్పి చూసి, అరె, ఇది ఈ బ్యాచికి పెట్టకూడదే, ఇదెలా వచ్చింది, అని మాస్టారు వైపు చూశారు, మాస్టారు నోరు తెరవబోతే, మీరు మాట్లాడకూడదండి, పరీక్ష, అని ఆయనే, ఎడమ మరమ్మా, కొస మీద రెండంగుళాల మేర ఎడమ మర కొయ్యాలి, వచ్చా, అన్నారు, ఎడమ మర, నాకు చీటీలో అదే రావాలా, ఆయన్ని చంపిన షెడ్డులో ఉండవలసి లేనిది, అది నా చేత్తో చెయ్యమని రాసిపెట్టి ఉంది, ఆయ్ అన్నాను, వచ్చండి అన్నాను, మాస్టారు మొహంలో ఏదో ఉంది, నేను పట్టించుకోలేదు, ఆరు నెలలుగా మేం కోసే మర ఒకటే, పెద్ద పిడి మాస్టారే పెట్టి ఉంచుతారు, మేం దాన్ని ముట్టుకోం, కుడి చివర మొదలెట్టి, కడ్డీని పట్టుకునుండే చక్కు వైపుకి టూలు నడిపిస్తాం, దానికి మేం పేరు పెట్టలేదు, మర అంటాం అంతే, మేం కోసిన ఒక పాత మరమేకు తీసి నిలబెట్టి పట్టుకుని చూశాను, గీతలు ఎడం నుంచి కుడికి ఎక్కుతున్నాయి, వేలు రాశాను, ఎడమ పురి, చెయ్యి ఎడమకి తిప్పి పేనితే తాడు మీద గీతలు అచ్చు ఇలాగే ఎక్కుతాయి, నలభై ఏళ్ళ నా వేలు చెబుతోంది, ఓస్, ఇదేనా, రోజూ కోసే మరే గదా.

కడ్డీ చక్కులో బిగించాను, ఒకసారి చేత్తో తిప్పి వంకర ఉందేమో చూశాను, లేదు, టూలు మొన కడ్డీకి తగిలీ తగలకుండా తెచ్చాను, నూనె చుక్క వేశాను, మిషను వేశాను, పిడి దించగానే టూలు నడిచింది, కడ్డీ మీద వెంట్రుకంత గీత మెలికలు తిరుగుతూ పడింది, ఎంత అందంగా పడుతుందో ఆ మొదటి గీత, పిడి ఎత్తాను, టూలు వెనక్కి తెచ్చాను, కాస్త లోతు పెంచి మళ్ళీ అదే గాడిలో దించాను, గాడి తప్పితే అంతా పోతుంది, నాకు తప్పదు, మరియమ్మకి తప్పేది, అత్తారింటికి వెళ్ళమంటే పక్కింటికి వెళ్ళిందే నా టూలు, అని మిషను ఆపేసి తిట్టుకునేది, నాది మాత్రం ఒకసారి పట్టిన గాడి వదల్లేదు, ఆరు నెలల్లో ఒక్కసారి కూడా, పురి సడలని చెయ్యి ఇది, ఇనుము వేడి వాసన, నూనె పొగ, సన్నటి చుట్టలు రాలుతున్నాయి, ఆయన చొక్కా జేబుల్లో ఇవే ఉండేవి, ఉతికేటప్పుడు వేళ్ళు తెగేవి, తిట్టేదాన్ని, ఈ జేబులేంటి చెత్తబుట్టలా అని, ఒకసారి పీచు ముక్క కూడా, ఏదో తాడు ముక్క కూడా దొరికింది జేబులో, ఆయన పోయాక ఆసుపత్రి వాళ్ళిచ్చిన చొక్కాలో, దాన్నీ పారేశాను, నాలుగో కోత, ఐదో కోత, లోతు పెరుగుతోంది, మర పళ్ళు మొన తేలుతున్నాయి, రమణగారూ చూడండి, ఇది ఎడమ మర, ఇది పెట్టి ఉంటే మనిషి ఉండేవాడు, ఇది కొయ్యడానికి ఎంతసేపు పట్టింది, పావుగంట, పావుగంట పని చెయ్యక మా ఇంటి దీపం ఆర్పేశారు, ఏడో కోత, మిషను ఆపాను, గుడ్డతో తుడిచాను, తళతళలాడుతోంది, నతానియేలు మాస్టారు నా పక్కకి వచ్చారు, కాని దాని వైపు చూడ్డం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆఫీసరు పరీక్ష నట్టు ఇచ్చారు, ఎక్కించమ్మా అన్నారు, కొస మీద పెట్టి తిప్పాను, పట్టలేదు, పొట్టు అడ్డం పడిందేమోనని మళ్ళీ తుడిచాను, ఇటు తిప్పాను, అటు తిప్పాను, నట్టు కొస మీద కూర్చుని జారుతోందే గాని లోపలికి దిగడం లేదు, కొలత తప్పిందాండీ అన్నాను, మాస్టారు నోరు విప్పారు, కొలత సరిగ్గానే ఉందమ్మా, మర బ్రహ్మాండంగా కోసేవు, కాకపోతే ఇది కుడి మర, మనం రోజూ కోసేది కుడి మరే, ఎడమ మరకి టూలు అవతలి వైపుకి నడవాలి, గీతలు అటు ఎక్కాలి, అన్నారు, కాదండీ, గీతలు చూడండి, ఇది ఎడమ పురండి, అన్నాను, పురి కాదమ్మా, మర, తాడుకి పేరు పేనే చేతిని బట్టి పెడతారు, మీ చెయ్యి ఎడమకి తిరిగితే ఎడమ పురి అంటారు, మరకి పేరు నట్టుని బట్టి, కుడికి తిప్పితే బిగుసుకుంటే అది కుడి మర, మీ ఎడమ పురీ మా కుడి మరా చూడ్డానికి ఒక్కటే, మా మేనత్త కూడా పీచు మనిషేలెండి, నాకూ మొదట్లో, అని ఆయన ఇంకేదో చెబుతున్నారు, ఆ తరవాతిది నాకు వినపడలేదు, ఎనిమిదేళ్ళ కిందట, మా పెరట్లో దడి పక్కన, సందె వెలుగు ఇంకా ఉంది, మా ఆయన సైకిలు స్టాండు వేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, సత్తీ, ఎడమ పురంటే ఏది, అని అడిగాడు, నేను పొయ్యి ఊదుతున్నాను, ఎందుకయ్యా, రమణగారు ఇరుసుకి ఎడమ మర పెట్టమన్నారు, అదేదో ఎప్పుడూ వినలేదు, అడిగితే నామోషీ, పద్నాలుగేళ్ళయింది గదా, నిన్నడిగితే తెలుస్తుందని వచ్చేను, మర అంటే పురే గదా, అన్నాడు, నాకు ఎంత గర్వం వేసిందో, మేస్త్రీ తాతబ్బాయి నన్నడగడం, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసుద్ది అని, గుప్పెడు పీచు తీసి, కొస కాలి బొటనవేలి కింద నొక్కిపెట్టి, చెయ్యి ఎడమకి తిప్పి తిప్పి జానెడు తాడు పేని ఆయన చేతిలో పెట్టాను, ఇదిగో ఎడమ పురి, ఆయన జేబులోంచి ఒక మరమేకు తీసి దాని పక్కన పెట్టుకుని చూశాడు, గీతా గీతా కలిసింది, ఓస్, ఇదేనా, రోజూ కోసే మరే గదే, అనవసరంగా కంగారుపడ్డాను, అని నవ్వి, ఆ తాడు ముక్క జేబులో వేసుకున్నాడు, మర్నాడు బుధవారం.

లేతు పట్టుకున్నాను, వేడిగా ఉంది, మరియమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది, ఏంటే, ఏమైందే, నీళ్ళు తాగు, అంటోంది, ఏమీ కాలేదు, ఎనిమిదేళ్ళుగా ఈ ఒక్క సాయంత్రం నాకు గుర్తు రాలేదు, ఆ ముందు సాయంత్రాలన్నీ గుర్తున్నాయి, చేపల పులుసు సాయంత్రం, సైకిలు చెయిను తెగిన సాయంత్రం, ఇదొక్కటి ఎక్కడ పెట్టుకున్నాను, రమణగారు అబద్ధం ఆడలేదు, ఎడమ మర అని చెప్పారు, ఈయన ఆయ్ అన్నాడు, నేను తాడు పేనిచ్చాను, నేను చెప్పిన ఎడమే ఆయన కోశాడు, చాలా బాగా కోసి ఉంటాడు, నాలాగే, గాడి తప్పకుండా, కాని ఆ రాయి ఇరుసుకి ఎక్కించి నట్టు బిగించింది రమణగారు గదా, లేతు ముందు ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డ మనిషి, నట్టు కుడికి తిప్పి బిగిస్తున్నప్పుడు ఆయన చేతికి తెలియదా, తెలుస్తుంది, ఆగి చూస్తే తెలుస్తుంది, అరటి లారీ వాడు బయట హారను కొడుతూంటాడు, ఇంకో పని కోసం ఇంకొకడు నిలబడి ఉంటాడు, తిరుగుతోంది గదా, చాల్లే, అనుకుని ఉంటారు, అది నాకు తెలుసు, ఎలా తెలుసంటే ఇప్పుడు అదే నా ఎదురుగా జరుగుతోంది, ఆఫీసరు నా కడ్డీని ఇటూ అటూ తిప్పి, మర శుభ్రంగా పడింది, ఫినిషింగు బాగుంది, ఎడమా కుడా ఎవడు చూడొచ్చేడు, అంటూ బల్ల మీద పెట్టేశారు, పన్నెండుమందీ పాసని చూపించాలమ్మా, లేకపోతే వచ్చే ఏడు సెంటరే ఉండదు, నాకూ నాలుగింటి బస్సుంది, ఇటు వచ్చి సంతకం పెట్టు, అంటూ రిజిస్టరు తిప్పారు, పన్నెండు పేర్లు, మర కోయుట అన్న గడిలో పన్నెండు పేర్లకీ ముందే వచ్చును అని రాసి ఉంది, నిన్ననో మొన్ననో రాసి ఉంటారు, సిరా ఒకటే, చెయ్యి ఒకటే, నా పేరు ఎదురుగా కూడా వచ్చును, పెట్టవే, పెట్టెయ్యి, నీ కాయితం నీకొస్తది, అని మరియమ్మ చెవిలో, మాస్టారు రిజిస్టరు వైపే చూస్తున్నారు, ఆయన ఉద్యోగం కూడా ఈ పన్నెండులోనే ఉంది.

పెన్ను తీసుకున్నాను, సంతకం గడి వదిలేసి, వచ్చును అన్న మాట మీద అడ్డంగా ఒక గీత పెట్టాను, ఏయ్ ఏయ్ ఏం చేస్తున్నావమ్మా అని ఆఫీసరు లేచారు, గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి, పక్క గడిలోకి వెళ్ళిపోతున్నాయి, తెలీదు, అని రాశాను, ద కి కొమ్ము సరిగ్గా పడలేదు, మళ్ళీ దిద్దాను, రిజిస్టరు పాడుచేసేవు, నీకింక ఇంకో అవకాశం ఉండదు, ఆ పంపుల షాపు వాళ్ళు లిస్టులో లేనివాళ్ళని గుమ్మం తొక్కనివ్వరు, తెలుసా, అంటున్నారు, ఆయ్ అనలేదు, తెలుసండి అన్నాను, మాస్టారు ఎందుకో టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు, మరియమ్మ తల కొట్టుకుంటోంది, ఆ రావులపాలెం అరుగు మీదికి ఇక నేను వెళ్ళక్కర్లేదు, వెళ్ళినా అడగడానికి ఏమీ లేదు, ఎనిమిదేళ్ళు ఒక మాట కోసం ఆ మనిషి నోరు చూస్తూ బతికాను, ఆ మాట ఆయన దగ్గర లేదు, తెలీదు అన్న మాట మా ఆయన దగ్గర ఉండాల్సింది, పద్నాలుగేళ్ళ మేస్త్రీకి అది నోరు దాటలేదు, అంతకంటే ముందు నా దగ్గర ఉండాల్సింది, పొయ్యి ముందు కూర్చుని, మొగుడు మొదటిసారి ఏదో అడిగాడని మురిసిపోతూ పీచు అందుకున్నానే, అప్పుడు, ఉండయ్యా, నాకు తాడు సంగతే తెలుసు, ఇనుము సంగతి నాకు తెలీదు, అని ఒక్క మాట అంటే సరిపోయేది, మర్నాడు పొద్దున్న ఆయన వెళ్ళి ఎవరినైనా అడిగేవాడు, నామోషీ పడి అయినా అడిగేవాడు, మనిషి ఉండేవాడు.